పోయిన ఫైలు తిరిగి రావాలి



చిన్న వ్యాపారం నడిపేవాళ్లు ఆఫీసు ఫైళ్లన్నిటినీ ఒకచోట భద్రపరచుకోవడానికి నెట్‌వర్క్ స్టోరేజీ సర్వరును ఎలా ఎంచుకోవాలో ఈ పూట మాట్లాడుకుందాం. కంప్యూటర్ షాపుల్లో దీన్ని నాస్ అంటారు. చూడటానికి చిన్న పెట్టె. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు ఉంటాయి. ఆఫీసులో ఉన్న స్విచ్‌కి ఒక కేబులుతో కలిపితే, అక్కడి కంప్యూటర్లన్నిటికీ ఒకే ఉమ్మడి ఫోల్డరు కనిపిస్తుంది. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లి, తమకు అనుమతి ఉన్న ఫైళ్లు తీసుకుని పని చేసుకుంటారు. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కొన్ని లెక్కలు చెబుతాను, మీ ఆఫీసుకు అన్వయించుకోవచ్చు.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక ఆడిట్ ఆఫీసు ఉందనుకుందాం. ఎనిమిది మంది పని చేస్తారు. ఈ ఏడాది బ్యాలెన్స్ షీట్లు ఒక కంప్యూటర్లో ఉంటాయి. టాలీ బ్యాకప్‌లు ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో ఉంటాయి. క్లయింట్లు పంపిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వాట్సాప్‌లో పడి ఉంటాయి. మూడేళ్ల కిందటి కాగితాల స్కాన్లు, ఆర్టికల్‌షిప్ ముగించుకుని వెళ్లిపోయిన కుర్రాడి లాప్‌టాప్‌లో ఉంటాయి. రోజూ పని సాగుతున్నంతకాలం ఈ చెల్లాచెదురు ఎవరినీ బాధించదు. సెప్టెంబరు నెలాఖరున టాక్స్ ఆడిట్ గడువు ముంచుకొచ్చినప్పుడు ఒక కంప్యూటరు మొరాయిస్తే అప్పుడు తెలుస్తుంది. ఆ ఫైళ్లు ఆ ఆఫీసు సొంతం కూడా కావు. ఎంతోమంది వ్యాపారులు నమ్మి అప్పగించిన లెక్కలవి. అందుకే ఇది గాడ్జెట్ల ముచ్చట కాదు, నమ్మకానికి సంబంధించిన విషయం.

షాపుకి వెళ్లగానే మనల్ని అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని టెరాబైట్లు కావాలి అని. మనమూ అక్కణ్ణుంచే ఆలోచన మొదలుపెడతాం. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రేపు పొద్దున ఒక ఫైలు పోయిందనుకోండి. అది ఎంతసేపట్లో తిరిగి రావాలి? ఎప్పటి రూపంలో రావాలి? నిన్న సాయంత్రం నాటిది వస్తే సరిపోతుందా, గంట కిందటిదే కావాలా? ఈ ప్రశ్నకు జవాబు రాసుకున్నవారికి ఏ పెట్టె, ఎన్ని డిస్కులు, ఎంత ఖర్చు అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. ఫైలు దాచడం ఏ డిస్కయినా చేస్తుంది. దాన్ని వెనక్కి తెచ్చి ఇచ్చే ఏర్పాటుకే మనం డబ్బు పెట్టాలి. ఈ ప్రసంగం మొత్తంలో నేను చెప్పదలచింది ఈ ఒక్క మాటే.

ఇక లెక్కలోకి వద్దాం. ఆడిట్ ఆఫీసులో ఎక్కువగా ఉండేవి ఎక్సెల్ షీట్లు, పీడీఎఫ్‌లు, స్కాన్లు. ఇప్పుడున్న ఫైళ్లన్నీ కలిపి 600 గిగాబైట్లు, ఏటా 150 గిగాబైట్లు పెరుగుతాయి అనుకోండి. ఐదేళ్లకు 1,350 గిగాబైట్లు అవుతుంది. పాత రూపాలు దాచుకోవడానికి కొంత, డిస్కు ఊపిరాడటానికి కొంత ఖాళీ వదిలితే 2 టెరాబైట్ల చోటు కావాలి. అంటే 4 టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టి, ఒకదానికి మరొకటి నకలుగా నడిపితే నిశ్చింతగా సరిపోతుంది. ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. 4 టెరాబైట్లని రాసి ఉన్న డిస్కు విండోస్ కంప్యూటర్లో 3.6గా కనిపిస్తుంది. అందులో మోసం లేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది, అంతే.

అదే పెళ్లిళ్లు తీసే ఫోటో స్టూడియో అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో 4కె వీడియో తీస్తే గంటకు 45 గిగాబైట్లు. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 గిగాబైట్లు. కెమెరా నుంచి మార్పు లేకుండా వచ్చే రా ఫోటోలు మూడు వేలు, ఒక్కోటి 30 మెగాబైట్ల చొప్పున మరో 90 గిగాబైట్లు. ఒక్క పెళ్లికే 600 గిగాబైట్లు దాటిపోయింది. మాఘమాసం నుంచి శ్రావణం దాకా ముహూర్తాలన్నీ కలిపి ఏడాదికి ఇరవై పెళ్లిళ్లు చేస్తే 12 టెరాబైట్ల పైమాటే. వీళ్లకు రెండు డిస్కుల పెట్టె చాలదు. నాలుగు డిస్కులది తీసుకోవాలి, మొదట మూడే వేసి తర్వాత నాలుగోది చేర్చుకునే వీలుండాలి. ఆల్బమ్ ఇచ్చేశాక రా ఫైళ్లను ఎన్నాళ్లు ఉంచాలో క్లయింటుతో ముందే మాట్లాడుకుంటే ఖర్చు బాగా కలిసొస్తుంది.

ఎన్నాళ్లు ఉంచాలన్న ప్రశ్నకు కొన్నిచోట్ల చట్టమే జవాబు చెబుతుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నమోదైన కంపెనీ తన లెక్కల పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచితే, వాటి బ్యాకప్‌ను ప్రతిరోజూ భారతదేశంలోనే ఉన్న సర్వరులో తీసి పెట్టాలని 2022లో నిబంధన సవరించారు. జీఎస్టీ చట్టం కింద రిజిస్టరైన ప్రతి వ్యాపారీ ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు, రికార్డులు ఉంచుకోవాలి. అంటే మనం కొనే నాస్ వయసు కంటే మన ఫైళ్ల వయసే ఎక్కువ. పెట్టె పాతబడి కొత్తది కొన్నప్పుడు ఫైళ్లన్నీ తేలిగ్గా తరలిపోవాలన్నది కూడా ఎంపికలో ఒక షరతుగా పెట్టుకోండి.

ఇప్పుడు పెట్టె సంగతి. మార్కెట్లో సినాలజీ, క్యూనాప్, ఆసుస్టోర్ అనే తైవాన్ కంపెనీల పెట్టెలు ఎక్కువగా దొరుకుతాయి. ట్రూనాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును మామూలు కంప్యూటర్ మీద వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది చాలా సమర్థమైనదే, అయితే రాత్రి ఎనిమిదింటికి ఏదైనా తేడా వస్తే చూసే మనిషి మీకు అందుబాటులో ఉన్నప్పుడే ఆ దారి పట్టండి. ఆఫీసులో కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్లు లేకపోతే సిద్ధంగా దొరికే పెట్టె మేలు.

ఏ కంపెనీదైనా సరే, మూడు విషయాలు చూడండి. మొదటిది స్నాప్‌షాట్. అంటే ఫోల్డరు గంట గంటకూ ఎలా ఉందో సర్వరు గుర్తుపెట్టుకోవడం. ఎవరో పొరపాటున ఒక క్లయింటు ఫోల్డరంతా చెరిపేసినా, మధ్యాహ్నం రెండు గంటలకు ఎలా ఉందో అలా నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇది బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు ఉన్న మోడళ్లలో చక్కగా పనిచేస్తుంది. చౌక మోడళ్లలో చాలాసార్లు ఉండదు. కొన్ని వేలు ఆదా చేయబోయి దీన్ని మాత్రం వదులుకోవద్దు. రెండోది, ఆ మోడలుకు భద్రతా అప్‌డేట్లు ఇంకా ఎన్నేళ్లు వస్తాయి అన్నది. షోరూంలో కొత్తగా మెరుస్తున్నా, విడుదలై చాలా ఏళ్లయిన మోడలు అయితే దాని ఆయుష్షు అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. మూడోది సర్వీసు. పెట్టె చెడిపోతే వారంటీ కింద ఎవరు తీసుకుంటారు, ఎన్ని రోజుల్లో బదులు ఇస్తారు, అది రాసి ఇస్తారా? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించుకున్నా ఈ ప్రశ్న అడగాల్సిందే.

టాలీ వాడేవాళ్లకు ఒక మాట. టాలీ నడిచేది విండోస్ మీద. నాస్ దానికి ఫైళ్లు దాచే చోటు మాత్రమే అవుతుంది. పలువురు ఒకేసారి ఎంట్రీలు వేసే డేటాను నాస్ మీద పెట్టే ముందు మీ టాలీ పార్ట్‌నర్‌ను అడిగి, కొన్ని రోజులు నమూనా డేటాతో నడిపి చూడండి. లేదంటే టాలీ డేటాను ఒక విండోస్ కంప్యూటర్లో ఉంచి, దాని బ్యాకప్ రోజూ సాయంత్రం దానంతటదే నాస్‌లోకి వెళ్లేలా పెట్టుకోండి. చాలా చిన్న ఆఫీసులకు ఈ రెండో పద్ధతే హాయి.

పెట్టె తర్వాత డిస్కులు. నిజానికి ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ఇంట్లో కంప్యూటర్లో వేసే మామూలు డిస్కు రోజంతా, ఏడాదంతా తిరగడానికి తయారైంది కాదు. నాస్ కోసమే చేసిన డిస్కులు వేరే ఉన్నాయి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్, తోషిబా ఎన్300 అలాంటివి. ఇక్కడ ఒక సంఘటన తెలుసుకోవడం మంచిది. కొన్ని డిస్కులు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా ట్రాకులు రాస్తాయి. తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది, కానీ రాసినదాన్ని మార్చాలంటే పక్కనున్న ట్రాకులూ తిరగరాయాలి. దీన్ని ఎస్ఎంఆర్ పద్ధతి అంటారు. వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్ కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని ఈ పద్ధతివేనని 2020లో బయటపడింది. చెడిన డిస్కు స్థానంలో అలాంటి కొత్త డిస్కు వేస్తే, దాన్ని నింపే పని విపరీతంగా నెమ్మదించింది. వినియోగదారులు గట్టిగా అడిగాక, ట్రాకులు విడివిడిగా రాసే సీఎంఆర్ డిస్కులను కంపెనీ రెడ్ ప్లస్ పేరుతో వేరు చేసింది. కాబట్టి బిల్లు వేయించే ముందు మోడలు నంబరు చూసి, ఇది సీఎంఆర్ డిస్కేనా అని తయారీదారు పట్టికలో సరిచూసుకోండి.

వాడిన డిస్కులు కొత్తవిగా చెలామణి అవుతున్నాయన్న సంగతి కూడా మరవద్దు. 2025 ఆరంభంలో జర్మనీలో ఇలాంటి వ్యవహారం వెలుగులోకి వచ్చింది. డేటా సెంటర్లలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులను కొన్నిచోట్ల కొత్తవని అమ్మారు. డిస్కు పెట్టెలో పెట్టగానే అది ఇప్పటిదాకా ఎన్ని గంటలు తిరిగిందో నాస్ తెరమీద కనిపిస్తుంది. సున్నా దగ్గరగా ఉండాలి, అయితే ఆ అంకెను చెరిపి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి అది ఒక్కటే చాలదు. సీరియల్ నంబరుతో వారంటీ ఎప్పటిదాకా ఉందో కంపెనీ దగ్గర చూసుకోవచ్చు. ఈ రెండు పనులకు పది నిమిషాలు చాలు. ఇంకో జాగ్రత్త. మీ పెట్టె ఏ డిస్కులను ఒప్పుకుంటుందో కూడా చూడండి. 2025లో సినాలజీ సంస్థ తన కొత్త ప్లస్ మోడళ్లలో తమ ధ్రువీకరణ ఉన్న డిస్కులే వాడాలని షరతు పెట్టి, విమర్శలు రావడంతో అదే ఏడాది అక్టోబరులో సడలించింది. ఇలాంటి షరతులు మారుతూ ఉంటాయి. కొనే రోజున ఏది అమల్లో ఉందో అదే మీకు లెక్క.

రెండు మూడు డిస్కులను కలిపి, ఒకటి చెడినా పని ఆగకుండా చేసే పద్ధతిని రెయిడ్ అంటారు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చౌకైన చిన్న డిస్కులను కలిపి వాడవచ్చని వాళ్లు చూపించారు. మనకు కావలసినవి మూడే. రెయిడ్ 1లో రెండు డిస్కులు, రెండింటిలోనూ ఒకే డేటా. రెయిడ్ 5లో కనీసం మూడు డిస్కులు, ఒక డిస్కంత చోటు భద్రతకు పోతుంది, ఒకటి చెడినా తట్టుకుంటుంది. రెయిడ్ 6లో కనీసం నాలుగు, రెండు డిస్కులంత చోటు పోతుంది, రెండు చెడినా తట్టుకుంటుంది. ఆడిట్ ఆఫీసుకు రెయిడ్ 1 చాలు. ఫోటో స్టూడియోకి నాలుగు పెద్ద డిస్కులుంటే రెయిడ్ 6 అడగండి. ఎందుకంటే 8 టెరాబైట్ల కొత్త డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆపకుండా నింపినా 11 గంటలు పడుతుంది. మధ్యలో ఆఫీసు పనీ సాగుతుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటలన్నీ మిగిలిన డిస్కుల మీద భారమే. ఆ సమయంలో రెండోది కూడా చెడితే రెయిడ్ 5లో అంతా పోతుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా వినండి. రెయిడ్ ఉంది కదా, ఇక బ్యాకప్ ఎందుకని చాలామంది అనుకుంటారు. రెయిడ్ అంటే బండికి స్టెప్నీ టైరు లాంటిది. దారిలో పంక్చరైతే ప్రయాణం ఆగదు. బండే దొంగల పాలైతే స్టెప్నీ కూడా బండితోనే పోతుంది. ఫైలు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది. వైరస్ సోకితే రెండింటికీ సోకుతుంది. పెట్టె తడిస్తే రెండూ తడుస్తాయి. రెయిడ్ వల్ల పని ఆగదు. ఫైలు తిరిగి రావాలంటే బ్యాకప్ ఉండాలి.

వైరస్ అన్నాను కదా, అందులో రాన్సమ్‌వేర్ అన్నింటికంటే క్రూరమైంది. మన ఫైళ్లకు తాళం వేసి, డబ్బు చెల్లిస్తేనే తాళంచెవి ఇస్తామంటుంది. 2017 మే నెలలో వానాక్రై అనేది ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని లోపం గుండా అది ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి దూకింది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనేది నేరుగా నాస్ పెట్టెల మీదే పడింది. ఇంటర్నెట్ నుంచి తిన్నగా చేరగలిగేలా తెరిచిపెట్టిన క్యూనాప్ పెట్టెలను వెతికి పట్టుకుని, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్ అడిగింది.

ఈ రెండు సంఘటనల నుంచి నేర్చుకోవలసినవి సూటిగా చెబుతాను. ఇంటి నుంచి ఫైళ్లు చూడటం కోసం రూటర్లో పోర్టులు తెరిచి నాస్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టకండి. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ అనే తాళం వేసిన దారి గుండా రండి. ఇందాక చెప్పిన, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి పేరు ఎస్ఎంబీ 1, దాన్ని సెట్టింగుల్లో ఆపేయించండి. అప్‌డేట్లు రాత్రిపూట వాటంతటవే పడేలా పెట్టండి. అడ్మిన్ అనే పేరుతో ఉండే ఖాతాను మూసేసి వేరే పేరుతో కొత్త ఖాతా పెట్టుకోండి, దానికి ఫోనుకు వచ్చే రెండో తాళం కూడా పెట్టండి. ఆఫీసులో ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్ ఉండాలి. ఆర్టికల్‌షిప్‌కి వచ్చే పిల్లలు రెండు మూడేళ్లుండి వెళ్లిపోతారు. వెళ్లిన రోజునే వాళ్ల లాగిన్ ఆపేయడం వాళ్లమీద అనుమానంతో కాదు, క్లయింట్ల పట్ల మన బాధ్యతతో. అసలు అడ్మిన్ పాస్‌వర్డు పెట్టెను బిగించిన టెక్నీషియన్ దగ్గర మాత్రమే ఉండటం చాలా ఆఫీసుల్లో చూస్తాం. అది యజమాని చేతిలో ఉండాలి.

ఇక బ్యాకప్. దీనికి 3-2-1 అనే తేలికైన సూత్రం ఉంది. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ప్రతి ముఖ్యమైన ఫైలుకు 3 కాపీలు ఉండాలి, అవి 2 వేర్వేరు రకాల పరికరాల మీద ఉండాలి, వాటిలో 1 వేరే చోట ఉండాలి. ఆ చివరి ఒకటి ఎందుకో మనవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఎలా కుదిపేసిందో మనకు తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే సమయంలో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. నీళ్లొచ్చిన ఇంట్లో నాస్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. అందుకే నాస్‌ను నేలమీద, టేబుల్ కింద పెట్టకండి. పై అంతస్తు ఉంటే అక్కడ పెట్టండి.

వేరే చోటు అంటే ఏది? రెండు దారులున్నాయి. ఒకటి క్లౌడ్. రెండోది, వారానికొకసారి మార్చి మార్చి ఇంటికి పట్టుకెళ్లే రెండు బయటి డిస్కులు. క్లౌడ్ ఎంచుకునేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. 2 టెరాబైట్లు పంపాలంటే అప్‌లోడు వేగం సెకనుకు 20 మెగాబిట్లయితే 9 రోజులు దాటుతుంది. తిరిగి తెచ్చుకోవాలంటే 100 మెగాబిట్ల కనెక్షను మీద కూడా 44 గంటలు కావాలి, అదీ ఎక్కడా తగ్గకుండా ఉంటే. మొదట్లో రాసుకున్న ప్రశ్న ఇక్కడ గుర్తుచేసుకోండి. ఒక్క రోజులో ఆఫీసు తిరిగి నడవాలనుకుంటే క్లౌడ్ ఒక్కటే చాలదు, దగ్గర్లో ఒక డిస్కు కూడా ఉండాలి. ఆ డిస్కు బ్యాకప్ తీసేటప్పుడు మాత్రమే తగిలించి, అయిపోగానే తీసేయాలి. తీసి బీరువాలో పెట్టిన డిస్కును ఏ రాన్సమ్‌వేర్ తాకలేదు. క్లయింట్ల వివరాలు ఉంటాయి కాబట్టి, బయటికి వెళ్లే ప్రతి కాపీని పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేయండి. ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి బ్యాంకు లాకరులోనో, నమ్మకమైన చోటనో పెట్టండి. పాస్‌వర్డు పోతే కాపీ ఉన్నా లేనట్టే.

కరెంటు, కేబుళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. నాస్ ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడైపోవచ్చు. యూపీఎస్ తప్పనిసరి. దాన్ని యూఎస్‌బీ కేబులుతో నాస్‌కు కలిపితే, బ్యాటరీ అయిపోయేలోపు నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. కొనేటప్పుడు ఆ యూఎస్‌బీ సదుపాయం ఉన్న యూపీఎస్సే అడగండి. స్విచ్ విషయంలో పాత 100 మెగాబిట్లది ఉంటే మార్చేయండి. 90 గిగాబైట్ల పెళ్లి ఫోటోలు దాని మీద వెళ్లడానికి రెండు గంటలు దాటుతుంది. గిగాబిట్ స్విచ్ మీద పావుగంటలో వెళ్లిపోతాయి. చాలా ఆఫీసుల్లో నాస్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుకు కారణం గోడలోపల ఉన్న పాత కేబులో, పాత స్విచ్చో అయి ఉంటుంది. మన ఎండాకాలం కూడా లెక్కలోకి తీసుకోండి. గాలి ఆడే చోట పెట్టి, ఫ్యాను దగ్గర పేరుకున్న దుమ్ము రెండు మూడు నెలలకోసారి దులిపించండి.

ఖర్చు విషయంలో నా సలహా ఒకటే. చేతిలో ఉన్న సొమ్మునంతా పెట్టె మీద పెట్టకండి. ముందుగా బ్యాకప్ డిస్కులకు, యూపీఎస్‌కు పక్కన తీసిపెట్టి, మిగిలినదానితో పెట్టె, దానిలోని డిస్కులు చూడండి. అవసరమైతే పెట్టె ఒక మెట్టు తక్కువది తీసుకోవచ్చు. వేగంలో ఒక మెట్టు తగ్గినా వ్యాపారం నడుస్తుంది. బ్యాకప్ లేకపోతే ఒక రోజు నడవదు.

చివరిగా, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మాట. అంతా బిగించాక, అసలు ఫైళ్లు ఇంకా పెట్టకముందు, బిల్లు పూర్తిగా చెల్లించకముందు, అమ్మినవాళ్ల ఎదుటే నాలుగు పరీక్షలు పెట్టండి. నమూనా ఫైళ్లు కాపీ అవుతుండగా ఒక డిస్కు బయటికి లాగించండి. పని ఆగకూడదు, మీ ఫోనుకో ఈమెయిలుకో హెచ్చరిక రావాలి. రెండోది, ఒక ఫోల్డరు చెరిపేసి స్నాప్‌షాట్ నుంచి మీ చేత్తో మీరే వెనక్కి తెచ్చుకోండి. మూడోది, యూపీఎస్‌కు వచ్చే కరెంటు తీసేయండి. నాస్ తనంతట తాను ఆగి, కరెంటు వచ్చాక మళ్లీ లేవాలి. నాలుగోది ముఖ్యమైంది. నాస్‌ను పూర్తిగా ఆపేసి, బయటి డిస్కులోనో క్లౌడ్‌లోనో ఉన్న కాపీ నుంచి ఒక క్లయింటు ఫోల్డరును వేరే కంప్యూటర్లోకి తెప్పించండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మొదట్లో మీరు కాగితం మీద రాసుకున్న జవాబుతో దాన్ని పోల్చండి. ఆ గంటల్లో వస్తే మీ ఎంపిక సరైనదే. రాకపోతే ఏర్పాటు మార్చమని అడిగే హక్కు మీకుంది, అడగండి.

ఈ నాలుగో పరీక్షను మూడు నెలలకోసారి మళ్లీ చేయండి. జీఎస్టీ రిటర్ను పని తెమిలిన మరుసటి రోజు పెట్టుకుంటే గుర్తుంటుంది. ఆఫీసులో ఇద్దరికి నేర్పండి. ఒకరు సెలవులో ఉన్నా రెండోవారు చేయగలగాలి. మన దగ్గర లెక్కలు, పెళ్లి ఫోటోలు, కాగితాలు నమ్మి పెట్టినవాళ్లు మన సర్వరు పేరేమిటని ఎప్పుడూ అడగరు. వాళ్లకు కావాల్సింది అడిగిన రోజున వాళ్ల ఫైలు చేతికి రావడం. ఆ మాట నిలబెట్టుకునే ఏర్పాటు చేసుకోవడం చిన్న వ్యాపారానికి కూడా అందుబాటులోనే ఉంది.